ఏసీటీహెచ్ వేస్తే అడ్రినల్ సెల్స్ పెరగాలి కదా, ప్లేట్‌లో ఎందుకు ఆగిపోతున్నాయి?

కల్చర్‌రూమ్ (ప్రశ్న)

ఏ ఎండోక్రైనాలజీ పుస్తకం తెరిచినా ఒకటే మాట: పిట్యూటరీ తీసేసిన ఎలుకలో అడ్రినల్ కార్టెక్స్ (అడ్రినల్ గ్రంథి బయటి భాగం) కుంచించుకుపోతుంది, పిట్యూటరీ వదిలే హార్మోన్ ఏసీటీహెచ్ ఎక్కిస్తే మళ్ళీ నిండుతుంది. ఆ లెక్కన సెల్స్‌కి ఏసీటీహెచ్ ఇస్తే సంఖ్య పెరగాలి. ప్లేట్‌లో మాత్రం కథ అడ్డం తిరిగింది.

చేసింది ఇదీ. వై1 సెల్స్ (చిట్టెలుక అడ్రినల్ ట్యూమర్ నుంచి వచ్చినవి), 24 వెల్స్ (గుంటలు) ఉన్న ప్లేట్, వెల్‌కి 20 వేల సెల్స్. మర్నాడు మీడియం మార్చి 10 నానోమోలార్ ఏసీటీహెచ్ 1-24 (ఆ హార్మోన్‌లో మొదటి 24 అమైనో ఆమ్లాల పెప్టైడ్) వేసి 72 గంటలు ఉంచాం. పీబీఎస్‌తో రెండుసార్లు కడిగి, ట్రిప్సిన్ (అడుగు నుంచి సెల్స్‌ని లేపే ఎంజైము) వేసి లెక్కపెడితే కంట్రోల్ కంటే స్పష్టంగా తక్కువ. అదే ప్రయోగం 96 వెల్స్‌లో ఎంటీటీ అనే రంగు పరీక్షతో చేస్తే తేడా దాదాపు కనిపించడం లేదు. ఎఫ్‌జీఎఫ్2 అనే పెరుగుదల కారకం వేసినా పెరగలేదు, పైగా తగ్గినట్టుంది. హెచ్295ఆర్‌లో (మనిషి అడ్రినల్ క్యాన్సర్ సెల్స్) ఏసీటీహెచ్‌కీ ఉలుకూ పలుకూ లేదు, ఐజీఎఫ్2 అనే ఇంకో పెరుగుదల కారకానికీ లేదు.

పెప్టైడ్ పాడైందా? లెక్క నమ్మాలా, ఎంటీటీ నమ్మాలా? అసలు అడ్రినల్‌ని పెంచేది ఏసీటీహెచ్ కాకపోతే మరేది?

పాతపిపెట్

మీ పెప్టైడ్ పాడవలేదు. అది పనిచేస్తోంది కాబట్టే సెల్స్ ఆగాయి.

ఇది మీ చేతి తప్పు కూడా కాదు. 1971లో మసూయి, గారెన్ ఇవే వై1 సెల్స్‌లో ఏసీటీహెచ్ విభజనను ఆపుతుందనీ, ఆ పని సైక్లిక్ ఏఎంపీ (సెల్ లోపల సంకేతం మోసే చిన్న అణువు) ద్వారా జరుగుతుందనీ చూపించారు. ట్యూమర్ సెల్స్ గనక అలా చేశాయిలే అని కొట్టిపారేయడానికీ లేదు. 1975లో రామచంద్రన్, సుయామా మామూలు కార్టెక్స్ సెల్స్‌లోనూ ఇదే చూశారు.

దారి ఇలా ఉంటుంది. ఏసీటీహెచ్ పట్టుకునే రిసెప్టర్ ఎంసీ2ఆర్. దీనికి ఎంఆర్‌ఏపీ అనే తోడు ప్రోటీన్ లేకపోతే సెల్ పైపొరకే రాదు. రిసెప్టర్ కదిలితే అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైము లేస్తుంది, సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది, పీకేఏ అనే ఇంకో ఎంజైము మేలుకుంటుంది. పీకేఏ ఒక చేత్తో స్టార్ ప్రోటీన్‌నీ స్టెరాయిడ్ ఎంజైములనీ నడిపిస్తుంది, రెండో చేత్తో విభజనకు బ్రేకు వేస్తుంది. వై1లో ఆ బ్రేకు ఎక్కడ పడుతుందో బాగానే తెలుసు: పెరుగుదలకు తోసే ఏకేటీ మీది ఫాస్ఫేట్ పోతుంది, అలాంటిదే అయిన సి-మిక్ ప్రోటీన్ విరిగిపోతుంది, విభజనను ఆపే పీ27 పెరుగుతుంది, సెల్ జీ1 (డీఎన్‌ఏ కాపీకి ముందు దశ) దాటదు. వై1లో విభజనకు తోసే కే-రాస్ జీన్ కాపీలు మామూలుకంటే ఎన్నో రెట్లు ఉంటాయి. అందుకే ఏకేటీ ఎప్పుడూ మేలుకునే ఉంటుంది, ఏసీటీహెచ్ దాన్ని దించినప్పుడు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

చిక్కు ఏమిటంటే మొదటి గంటలో ఇదే ఏసీటీహెచ్ ఈఆర్‌కేని లేపుతుంది, సి-ఫాస్, సి-జున్‌లను పెంచుతుంది. అవి పెరుగుదల సంకేతాలు. అంటే ఒకే హార్మోన్ ముందు తలుపు తెరిచి తరువాత మూస్తుంది. కనుక సీరం తగ్గించి నిద్రపుచ్చిన సెల్స్‌కి 2 గంటలు ఏసీటీహెచ్ ఇచ్చి కడిగేయడం వేరు, 72 గంటలు అందులోనే ఉంచడం వేరు. మీరు చేసింది రెండోది, అందులో కనిపించేది బ్రేకు మాత్రమే. రెండూ పక్కపక్కనే పెట్టి చూడండి.

పెప్టైడ్ బతికే ఉందో లేదో తెలుసుకోవడానికి ఎలైజా అక్కర్లేదు, మైక్రోస్కోప్ చాలు. వై1 సెల్స్ మామూలుగా పల్చగా, అప్పడంలా పరుచుకుని ఉంటాయి. 10 నానోమోలార్ వేసి ఒక గంట ఆగి చూస్తే అంచులు లోపలికి లాక్కుని, గుండ్రంగా ముద్దకట్టి, సన్నటి తోకలతో అడుగుకి వేలాడుతుంటాయి. గంట దాటినా అప్పడాలు అప్పడాలుగానే ఉంటే అప్పుడు పెప్టైడ్‌ని అనుమానించండి. 10 మైక్రోమోలార్ ఫోర్స్కోలిన్ (రిసెప్టర్‌తో పని లేకుండా సైక్లిక్ ఏఎంపీని పెంచే మందు) కూడా ఒక వెల్‌లో వేయండి. ఫోర్స్కోలిన్‌కి గుండ్రబడి ఏసీటీహెచ్‌కి గుండ్రబడకపోతే తప్పు పెప్టైడ్‌లో ఉంది, లేదా పాసేజీలు (కొత్త ఫ్లాస్క్‌కి మార్చడాలు) ఎక్కువై రిసెప్టర్ పోగొట్టుకున్న సెల్స్ మీ ఫ్లాస్క్‌లో నిండిపోయాయి.

మీ పద్ధతిలో నిజంగా సరిచేయాల్సింది ఇక్కడే ఉంది. గుండ్రబడిన సెల్స్ అడుగుకి గట్టిగా అంటుకుని ఉండవు. రెండుసార్లు పీబీఎస్ పోసి కడిగితే ఏసీటీహెచ్ వెల్స్‌లోనే ఎక్కువ కొట్టుకుపోతాయి. అవి విభజన ఆగిన సెల్స్ కావు, సింక్‌లోకి పోయిన సెల్స్. పైన ఉన్న మీడియాన్నీ కడిగిన పీబీఎస్‌నీ పారబోయకుండా అదే ట్యూబ్‌లో పట్టండి. ట్రిప్సిన్‌తో లేచినవి దానికే కలిపి తిప్పి, 0.4 శాతం ట్రిపాన్ బ్లూతో (చచ్చిన సెల్స్‌కే పట్టే రంగు) లెక్కపెట్టండి. తేడా కొంత తగ్గుతుంది, పూర్తిగా మాత్రం పోదు.

డోసు గురించి ఒక మాట. ఆరోగ్యవంతుడి రక్తంలో ఉదయం ఏసీటీహెచ్ సుమారు 10 నుంచి 60 పికోగ్రాములు, మిల్లీలీటరుకి. మోలార్‌లో చెప్పాలంటే 2 నుంచి 13 పికోమోలార్. మీరు వేసిన 10 నానోమోలార్ దానికి దాదాపు వెయ్యి రెట్లు. రిసెప్టర్‌ని నింపేయడానికి అది బాగానే ఉంటుంది. శరీరంలో జరిగేది చూడాలంటే 10 పికోమోలార్ నుంచి పది పది రెట్లు పెంచుతూ 10 నానోమోలార్ దాకా నాలుగు డోసులు పెట్టండి.

సీరంఫ్రీ

పెప్టైడ్ స్టాక్ సంగతి కూడా చెప్పేస్తాను, సగం గొడవలు అక్కడే పుడతాయి. ఏసీటీహెచ్ 1-24 అణుభారం సుమారు 2,933. 1 మిల్లీగ్రాము వయల్‌లో 3.4 మి.లీ. పోస్తే 100 మైక్రోమోలార్ అనుకుంటాం. కానీ పొడిలో పెప్టైడ్‌తోపాటు లవణం, తేమ ఉంటాయి. లేబుల్ మీద నెట్ పెప్టైడ్ శాతం చూసి ఆ మేరకు తక్కువ పోయాలి. 10 మిల్లీమోలార్ ఎసిటిక్ యాసిడ్‌లో కరిగించి, పల్చన చేసే ద్రవంలో 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ ప్రోటీన్) తప్పకుండా ఉంచండి. ఈ పెప్టైడ్‌లో ధనావేశం ఎక్కువ, ఉత్త బఫర్‌లో పల్చన చేస్తే ట్యూబ్ గోడకే అతుక్కుపోతుంది. పికోమోలార్ డోసుల్లో అయితే సెల్స్‌కి చేరేది దాదాపు ఏమీ ఉండదు. నాలుగో స్థానంలో మెథియోనిన్ ఉంది, అది ఆక్సీకరణ చెందితే శక్తి పడిపోతుంది. చిన్న చిన్న భాగాలు చేసి మైనస్ 80లో పెట్టండి, ఒకసారి కరిగించినది మళ్ళీ గడ్డకట్టించకండి.

ఇక హెచ్295ఆర్. అక్కడ మీకు రెండు వేర్వేరు సమస్యలున్నాయి.

ఏసీటీహెచ్‌కి పలకకపోవడం ఆ సెల్స్ స్వభావం. వాటిలో ఎంసీ2ఆర్ చాలా తక్కువ. సైక్లిక్ ఏఎంపీ దారి లోపల బాగానే ఉంటుంది కనుక ఫోర్స్కోలిన్ వేస్తే పలుకుతాయి, ఆంజియోటెన్సిన్ 2 (రక్తపోటును పెంచే హార్మోన్)కీ పొటాషియంకీ కూడా పలుకుతాయి. ఏసీటీహెచ్ ప్రశ్న అడగడానికి ఆ లైన్ తగదు.

ఐజీఎఫ్2 పనిచేయకపోవడానికి కారణం మీ మీడియం. హెచ్295ఆర్‌కి అందరూ వాడేది డీఎంఈఎం ఎఫ్12, 2.5 శాతం న్యూ-సీరం (సీరంకి బదులు వాడే మిశ్రమం), ఐటీఎస్ ప్లస్ (ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెరిన్, సెలీనియం ఉన్న మిశ్రమం). ఐటీఎస్‌లో ఇన్సులిన్ మిల్లీలీటరుకి 6.25 మైక్రోగ్రాములు, అంటే 1 మైక్రోమోలార్ పైమాటే. శరీరంలో ఉండే ఇన్సులిన్‌తో పోలిస్తే ఇది వేల రెట్లు. ఇంత ఉంటే ఇన్సులిన్ తన రిసెప్టర్‌తో ఆగదు, ఐజీఎఫ్2 వాడుకునే ఐజీఎఫ్1 రిసెప్టర్‌ని కూడా పూర్తిగా లేపేస్తుంది. నిండు బిందెలో మీరింకో గ్లాసు పోస్తున్నారు.

దానికి తోడు ఈ సెల్స్ ఐజీఎఫ్2ని తామే తయారు చేసుకుంటాయి. అడ్రినోకార్టికల్ కార్సినోమాల్లో (అడ్రినల్ కార్టెక్స్ క్యాన్సర్లలో) పదింట తొమ్మిదింటిలో ఈ జీన్ అతిగా పలుకుతుంది. ఐజీఎఫ్‌ని పట్టి ఉంచే బైండింగ్ ప్రోటీన్లను కూడా మీడియంలోకి వదులుతాయి. మీరు బయటి నుంచి వేసినదాంట్లో ఎంత రిసెప్టర్‌కి చేరిందో చెప్పలేం.

చేయాల్సింది: ఐటీఎస్ మానేసి ట్రాన్స్‌ఫెరిన్, సెలీనియం విడిగా వేయండి. సెలీనియం మానకండి, అది లేకపోతే ఆక్సీకరణకు సెల్స్ దెబ్బతింటాయి, మీరది ఇన్సులిన్ లేకపోవడం వల్ల అనుకుంటారు. సీరం 0.1 శాతానికి దించి 24 గంటలు ఉంచి, తరువాత మిల్లీలీటరుకి 10, 30, 100 నానోగ్రాముల ఐజీఎఫ్ వేయండి. బైండింగ్ ప్రోటీన్ల బెడద తప్పించాలంటే లాంగ్ ఆర్3 ఐజీఎఫ్1 వాడండి, అది వాటికి చిక్కదు. అసలు తెలివైన దారి మాత్రం వేయడం కాదు, ఆపడం. ఐజీఎఫ్1 రిసెప్టర్‌ని అడ్డుకునే మందు వేస్తే విభజన ఎంత పడిపోతుందో చూడండి. సెల్ తనకు తానే పోసుకుంటున్న ఐజీఎఫ్2 బలం అప్పుడు తెలుస్తుంది. అలాంటి మందైన లిన్సిటినిబ్ వాడితే అది ఇన్సులిన్ రిసెప్టర్‌ని కూడా ఆపుతుందని గుర్తుంచుకోండి. ఇక్కడ అది మంచిదే, ఐజీఎఫ్2 ఇన్సులిన్ రిసెప్టర్‌లో ‘ఏ’ (A) అనే రూపం ద్వారా కూడా పనిచేస్తుంది.

ప్లేట్‌లో పనిచేసినంత మాత్రాన రోగిలో పనిచేస్తుందని కాదు. ఇదే లిన్సిటినిబ్‌ని ముదిరిన అడ్రినోకార్టికల్ కార్సినోమా ఉన్న 139 మందిలో పరీక్షించిన మూడో దశ ట్రయల్ ఫలితాలు 2015లో వచ్చాయి. ఆయుష్షు పెరగలేదు.

ఇంకో చిన్న విషయం. న్యూ-సీరంలోనే ఈజీఎఫ్ (ఇంకో పెరుగుదల కారకం), ఇన్సులిన్, హైడ్రోకార్టిసోన్ కలిపి ఉంటాయి. కార్టిసాల్ ఎలైజా కూడా చేస్తున్నట్టయితే సెల్స్ లేని ఉత్త మీడియాన్ని ఒక వెల్‌లో పెట్టి ఆ రీడింగ్ తీసేయండి.

జోనా

"మరి అడ్రినల్‌ని పెంచేది ఏది" అన్న మూడో ప్రశ్నకి వస్తాను. ఏసీటీహెచ్చే. కాకపోతే అది ఏ సెల్‌తో మాట్లాడుతుందో, ఆ సెల్ పక్కన ఎవరున్నారో చూడాలి.

శరీరంలో ఏసీటీహెచ్ పెరిగితే సైక్లిక్ ఏఎంపీ దారి గ్రంథిని పెంచుతుందనడానికి మనుషుల్లోనే సాక్ష్యం ఉంది. పీకేఏకి కళ్ళెంగా ఉండే పీఆర్‌కేఏఆర్1ఏ జీన్ చెడితే కార్నీ కాంప్లెక్స్ అనే వంశపారంపర్య జబ్బులో అడ్రినల్ నిండా చిన్న చిన్న గడ్డలు వస్తాయి. పీకేఏలో పనిచేసే ముక్కకే 206వ స్థానంలో ల్యూసిన్ బదులు ఆర్జినిన్ వస్తే కార్టిసాల్ చేసే అడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) వస్తుందని 2014లో బయటపడింది. అంటే మీ ప్లేట్‌లో బ్రేకు వేసిన దారే శరీరంలో గడ్డ పెంచుతోంది. అయితే అవి దాదాపు అన్నీ క్యాన్సర్ కాని నిదానమైన గడ్డలు. కార్సినోమాల్లో ఎక్కువగా మారి కనిపించే జీన్లు ఐజీఎఫ్2, బీటా-కెటెనిన్, జెడ్‌ఎన్‌ఆర్‌ఎఫ్3, పీ53. ఈ తేడా గమనించదగ్గది.

గ్రంథిని ముక్క కోసి చూస్తే బయట తొడుగు, దాని కింద గ్లోమెరులోసా, తరువాత ఫాసిక్యులాటా, లోపల రెటిక్యులారిస్. కొత్త సెల్స్ ఎక్కువగా తొడుగు దగ్గర, బయటి పొరల్లో పుడతాయి. అక్కడి నుంచి లోపలికి జరుగుతూ వేషం మార్చుకుంటాయి, చివరకు గ్రంథి నడుమ ఉండే మెడుల్లా అంచున చనిపోతాయి. తొడుగు సెల్స్ ఆర్-స్పాండిన్3 అనే ప్రోటీన్ వదులుతాయి, అది గ్లోమెరులోసాలో వింట్, బీటా-కెటెనిన్ అనే సంకేత దారిని వెలిగించి ఉంచుతుంది. గ్లోమెరులోసా సెల్స్ తిరిగి సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే సంకేత ప్రోటీన్ పంపి తొడుగు సెల్స్‌ని పలకరిస్తాయి. లోపలికి జరిగేకొద్దీ ఏసీటీహెచ్, పీకేఏల పట్టు పెరుగుతుంది, అది వింట్‌ని అణచి సెల్‌ని ఫాసిక్యులాటాగా మారుస్తుంది. మీరు ప్లేట్‌లో పెంచేది ఈ ప్రయాణంలో ఇప్పటికే గమ్యం చేరిన సెల్. దానికి ఏసీటీహెచ్ చెప్పేది "పని చెయ్యి" అని. విభజనకు పిలిచే తొడుగు పక్కన లేదు.

రెండో కారణం రక్తనాళాలు. ఏసీటీహెచ్ వల్ల కార్టెక్స్ సెల్స్ వీఈజీఎఫ్ ఎక్కువ చేస్తాయి, గ్రంథిలోకి నాళాలు పెరుగుతాయి. ఫాసిక్యులాటాలో ప్రతి సెల్ వరుసనూ ఆనుకుని ఒక సన్నటి నాళం ఉంటుంది. అది లేకుండా గ్రంథి పెద్దదవడం ఊహించలేం. ప్లేట్‌లో ఆ భాగం ఉండదు. ఐజీఎఫ్‌లు, ఎఫ్‌జీఎఫ్2 కూడా గ్రంథిలో అక్కడికక్కడే తయారవుతాయి.

మూడోది, పుస్తకాలు తరచూ వదిలేసేది: బరువు పెరగడమంటే సంఖ్య పెరగడమే అనుకోకూడదు. ఏసీటీహెచ్ ఇచ్చిన మొదటి రోజుల్లో కార్టెక్స్ బరువు పెరగడంలో సెల్ లావెక్కడం వాటా ఎక్కువ, సంఖ్య పెరగడం తరువాత తోడవుతుంది. ప్రోటీన్‌ని డీఎన్‌ఏతో భాగిస్తే రెండూ విడిపోతాయి.

గ్లోమెరులోసా లెక్క వేరు. పిట్యూటరీ తీసేసినా అది పెద్దగా తగ్గదు. ఎలుకకి ఉప్పు తక్కువ పెడితే ఆంజియోటెన్సిన్ 2 పెరిగి, దాన్ని పట్టుకునే ఏటీ1 రిసెప్టర్ ద్వారా ఆ పొర వెడల్పవుతుంది. ప్రెడ్నిసలోన్ వంటివి ఎక్కువకాలం వాడినవాళ్ళలో ఏసీటీహెచ్ పడిపోయి ఫాసిక్యులాటా సన్నబడినా గ్లోమెరులోసా చేసే ఆల్డోస్టెరాన్ హార్మోన్ నిలబడేది ఇందుకే.

ఇంకొకటి: ఆడ ఎలుక, మగ ఎలుకల కార్టెక్స్ ఒకేలా ఉండదు. ఆడవాటిలో గ్రంథి పెద్దది, సెల్స్ మారే వేగం ఎక్కువ. మగవాటిలో ఆండ్రోజెన్ ఆ వేగాన్ని తగ్గిస్తుంది. జంతువుల మీద చేస్తే రెండు గుంపులనూ కలిపి సగటు తీయకండి.

రెండోరీడింగ్

జోనా గారు చెప్పినవాటితో పేచీ లేదు. కానీ ఎన్-పీఓఎంసీని వదిలేశారు. ఏసీటీహెచ్ ఒంటరిగా పుట్టదు, పీఓఎంసీ అనే పెద్ద ప్రోటీన్‌ని కోస్తే వస్తుంది. అదే ప్రోటీన్ మొదటి చివర నుంచి వచ్చే 1-28 ముక్కకి అడ్రినల్ సెల్స్‌ని విభజింపజేసే గుణం ఉందని 1980ల నుంచీ పనులున్నాయి. ఏసీటీహెచ్ పని స్టెరాయిడ్, ఎన్-పీఓఎంసీ పని పెరుగుదల అని విడదీస్తే మీ పజిల్ సగం విడిపోతుంది.

జోనా

అంత సులువుగా విడిపోదండీ. పీఓఎంసీ జీన్ అసలే లేని చిట్టెలుకల్లో అడ్రినల్ ముడుచుకుపోయి ఉంటుంది. వాటికి ఏసీటీహెచ్ ఒక్కటే ఇస్తే గ్రంథి తిరిగి పెరిగింది. 1-28 ముక్క ఒక్కటే ఇస్తే పెరగలేదు. కాబట్టి ఎన్-పీఓఎంసీ తప్పనిసరి అనలేం. బయటి పొరల్లో దానికి చేయి ఉండొచ్చు, అంతవరకు ఒప్పుకుంటాను.

ఒక అడ్రినల్ తీసేస్తే రెండోది కొద్ది రోజుల్లోనే పెరగడం చూపించి దాన్ని పూర్తిగా హార్మోన్ ఖాతాలో వేస్తారు. అందులో నరాల పాత్ర ఉందని ఎప్పుడో తేలింది. హైపోథాలమస్ దగ్గర ఆ నరాల దారి తెంపితే రెండో గ్రంథి అలా పెరగదు.

కల్చర్‌రూమ్

చాలా ఉపయోగపడ్డాయి, అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు అడుగుతాను. ఎఫ్‌జీఎఫ్2 వై1లో ఎందుకు తగ్గించింది? ఆవు అడ్రినల్ నుంచి ప్రైమరీ సెల్స్ తీసి చేస్తే మంచిదా, దేనికి జాగ్రత్త పడాలి?

పాతపిపెట్

ఎఫ్‌జీఎఫ్2 సంగతి ముందు. వై1లో కే-రాస్ ఇప్పటికే గట్టిగా తోస్తోంది. దాని మీద ఎఫ్‌జీఎఫ్2 కూడా తోస్తే మొదట సెల్ నిద్రలేచి జీ1లోకి వస్తుంది, తరువాత ఆర్‌హెచ్ఓఏ అనే ప్రోటీన్ ద్వారా సెనెసెన్స్‌లోకి (సెల్ ముసలిదై ఆగిపోయే స్థితి) జారి విభజన ఆపేస్తుంది. 2008లో ఆర్మెలిన్ బృందం దీన్ని వివరంగా చూపింది. కనుక వై1లో ఎఫ్‌జీఎఫ్2 పెరుగుదల కారకం కాదు, నిదానంగా ఆపే మందు. మామూలు సెల్‌లో ఇది ఉల్టా. ఆవు కార్టెక్స్ సెల్స్‌కి ఎఫ్‌జీఎఫ్ మంచి మైటోజెన్ (విభజనను పెంచేది) అని 1970ల నుంచే తెలుసు. హార్న్స్‌బీ, గిల్ 1977లో ఆవు సెల్స్‌లో ఏసీటీహెచ్‌నీ ఎఫ్‌జీఎఫ్‌నీ ఎదురెదురుగా పెట్టి చూశారు: ఏసీటీహెచ్ మొదట విభజనను ఆపుతుంది, కొన్నాళ్ళకు సెల్ దానికి మొద్దుబారి మళ్ళీ విభజన మొదలుపెడుతుంది. మీరు 72 గంటలకే ఆపేస్తే ఈ రెండో సగం కనబడదు. ప్రైమరీ సెల్స్‌లో చేస్తే 8, 10 రోజులు సాగించి రోజు విడిచి రోజు లెక్కపెట్టండి.

ప్రైమరీ మంచిదే, పని మాత్రం ఎక్కువ. కబేళా నుంచి గ్రంథులు మంచులో, చల్లటి బఫర్‌లో రావాలి. కొవ్వు ఒలిచి, పొడుగునా చీల్చి, మధ్యలో మెత్తగా ఉండే లేత రంగు మెడుల్లాని పూర్తిగా గీకేయండి. కార్టెక్స్‌ని స్టాడీ-రిగ్స్ బ్లేడుతో అర మిల్లీమీటరు మందంలో కోయండి. తొడుగుతో వచ్చే మొదటి పొరలో గ్లోమెరులోసా ఉంటుంది, రెండో పొర ఫాసిక్యులాటా. రెండింటినీ ఒకే డబ్బాలో వేస్తే ఆంజియోటెన్సిన్‌కీ ఏసీటీహెచ్‌కీ వచ్చే ఫలితాలు కలగలిసిపోతాయి. సన్నగా తరిగి, మిల్లీలీటరుకి 1 నుంచి 2 మిల్లీగ్రాముల కొల్లాజినేజ్, కొంచెం డీఎన్‌ఏస్ వేసి 37 డిగ్రీల్లో 30 నుంచి 60 నిమిషాలు. పది నిమిషాలకోసారి వెడల్పు మూతి పిపెట్‌తో పైకీ కిందకీ లాగండి. డీఎన్‌ఏస్ లేకపోతే చచ్చిన సెల్స్ డీఎన్‌ఏ తీగలు తీగలుగా సాగి అన్నింటినీ ముద్ద చేస్తుంది. 100 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి, నెమ్మదిగా తిప్పి, 10 శాతం సీరం ఉన్న డీఎంఈఎం ఎఫ్12లో పరచండి. 24 గంటలకు మీడియం మార్చితే ఎర్ర కణాలు పోతాయి.

పెద్ద బెడద ఫైబ్రోబ్లాస్ట్‌లు, నాళాల లోపలి పొర సెల్స్. ఎఫ్‌జీఎఫ్2 వేయగానే అవి మీ సెల్స్ కంటే ముందు ఎగబడతాయి. పదో రోజుకి ప్లేట్ నిండిందని సంతోషించేలోపు అందులో సగం అడ్రినల్ కాకపోవచ్చు. ఈడీయూ (డీఎన్‌ఏ కాపీ చేసుకుంటున్న సెల్స్‌కి పట్టే గుర్తు) 10 మైక్రోమోలార్ 2 గంటలు ఇచ్చి, అదే స్లైడ్ మీద సీవైపీ11ఏ1 (స్టెరాయిడ్ చేసే సెల్స్‌లో ఉండే ఎంజైము) యాంటీబాడీ కూడా వేయండి. రెండు రంగులూ ఉన్న సెల్స్‌నే లెక్కలోకి తీసుకోండి. ఇదొక్కటి చేయకపోతే ప్రైమరీ కల్చర్ ఫలితం మీద నాకు నమ్మకం కుదరదు.

ఎఫ్‌జీఎఫ్2 మిల్లీలీటరుకి 1 నుంచి 10 నానోగ్రాములు చాలు, కానీ 37 డిగ్రీల్లో ఒక రోజు కూడా నిలవదు. మిల్లీలీటరుకి 1 నుంచి 10 మైక్రోగ్రాముల హెపారిన్ కలిపి, రోజూ కొత్తది వేయండి. ఆంజియోటెన్సిన్ 2 అయితే ఇంకా తొందరగా పోతుంది, సెల్స్ వదిలే పెప్టిడేజ్‌లు గంటల్లో నమిలేస్తాయి. ఒక్కసారి 100 నానోమోలార్ వేసి మూడు రోజుల తరువాత "పనిచేయలేదు" అని రాసిన నోట్‌బుక్కులు చాలా ఉంటాయి.

టీజీఎఫ్-బీటా అనే మరో కారకం వాడే ఆలోచన ఉంటే గుర్తుపెట్టుకోండి: ఆవు ఫాసిక్యులాటాలో అది స్టెరాయిడ్ తయారీని బాగా దించుతుంది, విభజన మీద ప్రభావం అంతంతే. మనిషి పిండం అడ్రినల్ సెల్స్‌లో విభజనను కూడా తగ్గిస్తుంది. ఒక జీవిలో చూసింది ఇంకోదానికి అంటగట్టకూడదు.

రెండోరీడింగ్

ఎంటీటీ ప్రశ్నకి ఎవరూ నేరుగా జవాబివ్వలేదు. ఎంటీటీ సెల్స్‌ని లెక్కపెట్టదు, వాటి జీవక్రియని కొలుస్తుంది. పసుపు రంగు పదార్థాన్ని ఊదా గింజలుగా మార్చే పనిలో మైటోకాండ్రియా వాటా పెద్దది. ఏసీటీహెచ్ దెబ్బకి స్టెరాయిడ్ తయారీ ఊపందుకునేది కూడా మైటోకాండ్రియాలోనే. సెల్స్ తగ్గి, ఒక్కో సెల్ ఇచ్చే రంగు పెరిగితే మొత్తం సమానంగా కనిపిస్తుంది. అచ్చంగా మీకు వచ్చింది అదే. అడ్రినల్ సెల్స్‌లో ఏసీటీహెచ్, ఫోర్స్కోలిన్, మెటిరపోన్ (స్టెరాయిడ్ ఎంజైమును ఆపే మందు) వంటివి వాడేటప్పుడు ఎంటీటీని విభజన కొలతగా వాడటమే తప్పు. ప్లేట్ రీడర్‌లోనే చేయాలంటే సెల్స్‌ని కరిగించి డీఎన్‌ఏకి అంటే రంగుతో చదవండి, ఆ రీడింగ్‌కి జీవక్రియతో పని లేదు. అదే వెల్ నుంచి కొంత ద్రవం ప్రోటీన్‌కి కూడా తీస్తే జోనా గారు చెప్పిన నిష్పత్తి ఉచితంగా వస్తుంది.

డీఎన్‌ఏ తగ్గితే ఆగిందా, చచ్చిందా అన్న ప్రశ్న మిగులుతుంది. దానికి ఫ్లో సైటోమెట్రీ (ఒక్కో సెల్‌లో డీఎన్‌ఏ ఎంతుందో కొలిచే పద్ధతి). జీ1 శిఖరం పెరిగి ఎస్ (డీఎన్‌ఏ కాపీ అయ్యే దశ) తగ్గితే ఆగింది, జీ1కి ఎడమ పక్కన చిన్న గుట్ట లేస్తే చస్తోంది.

మెడుల్లా గీకడం గురించి పాతపిపెట్ గారు చెప్పినదానికి ఒక చేర్పు: అక్కడి క్రోమాఫిన్ సెల్స్‌కి (అడ్రినలిన్ చేసేవి) నియమాలు పూర్తిగా వేరు, కార్టెక్స్ ఫలితాలతో కలపకండి. ఎలుక మెడుల్లా ట్యూమర్ నుంచి వచ్చిన పీసీ12 సెల్స్ చూడండి. ఈజీఎఫ్ ఇస్తే ఈఆర్‌కే కాసేపు వెలిగి ఆరిపోతుంది, సెల్ విభజన చెందుతుంది. నరాల పెరుగుదల కారకమైన ఎన్‌జీఎఫ్ ఇస్తే అదే ఈఆర్‌కే గంటల తరబడి వెలుగుతుంది, సెల్ విభజన ఆపి న్యూరాన్‌లా కొమ్మలు వేస్తుంది. గ్లూకోకార్టికాయిడ్ (కార్టిసాల్ వంటి స్టెరాయిడ్) ఉంటే కొమ్మలు వేయకుండా క్రోమాఫిన్‌గానే ఉంటుంది.

కల్చర్‌రూమ్

అయితే ఇలా పెడతాను, తప్పుంటే చెప్పండి. వై1, సీరం తగ్గించి 48 గంటలు. తరువాత ఆరు గుంపులు: ఉత్త వాహకం (మందు కలపని ద్రవం); ఏసీటీహెచ్ 2 గంటలు ఇచ్చి కడిగేసినది; ఏసీటీహెచ్ ఆపకుండా 10 పికోమోలార్; ఆపకుండా 10 నానోమోలార్; ఫోర్స్కోలిన్ 10 మైక్రోమోలార్; 10 శాతం సీరం. 18వ గంట నుంచి 20వ గంట వరకు ఈడీయూ. ఇంకో ప్లేట్‌లో 72 గంటలకు పైన తేలేవాటితో కలిపి లెక్క, డీఎన్‌ఏ, ప్రోటీన్.

పాతపిపెట్

మూడు దిద్దండి. కడిగేసే గుంపు ఒక్కదాన్నే కడిగితే ఆ గుంపులో సెల్స్ పోయేది కడగడం వల్లో హార్మోన్ వల్లో తెలియదు. 2 గంటలకు అన్ని గుంపులనూ అదే పద్ధతిలో కడిగి, ఎవరి మందు వాళ్ళకి తిరిగి వేయండి. ఫోర్స్కోలిన్ డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో ఉంటుంది, ఏసీటీహెచ్ పల్చటి ఎసిటిక్ యాసిడ్, బీఎస్‌ఏలో ఉంటుంది. ఉత్త వాహకం ఒక్క వెల్ సరిపోదు, రెండు రకాలూ పెట్టండి, డీఎంఎస్‌ఓ 0.1 శాతం దాటనివ్వకండి. సెల్స్ వదిలే స్టెరాయిడ్ వల్లే విభజన తగ్గిందని ఎవరైనా అడుగుతారు కనుక 10 నానోమోలార్ గుంపుకి జోడీగా స్టెరాయిడ్ తయారీని ఆపే అమైనోగ్లూటెథిమైడ్ వేసిన గుంపు కూడా ఒకటి ఉండాలి, ఆ మందు ఒక్కటే వేసిన వెల్ పక్కన ఉండాలి.

10 పికోమోలార్ గుంపుకి మీడియంలో బీఎస్‌ఏ మర్చిపోకండి. సీరం తగ్గించాక ప్లాస్టిక్‌కి అడ్డం పడేది అదొక్కటే.